కనుమాయల హాజరుపట్టీ

హాజరు లేనిదే ఆహారం లేదని పైనుంచి ఉత్తర్వు దిగిన నాటికి గంగిరేవులపాడు అద్భుత జీవుల సంరక్షణాలయంలో మొత్తం పదకొండు జీవులున్నాయి. అందులో పదింటిని ఊరంతా చూసింది. పదకొండోదాన్ని ఎవరూ చూడలేదు, దాన్ని పెంచుతున్న కోమలితో సహా.

సంరక్షణాలయం అంటే ఏదో అనుకునేరు, మూతపడ్డ సినిమా హాలు. రెక్కలున్నవాటిని బాల్కనీలోనూ, పాకేవాటిని నేల క్లాసులోనూ, ఎటూ తేలనివాటిని ప్రొజెక్టరు గదిలోనూ పెట్టారు. నిప్పు కక్కే తొండ ఒకటుంటే దాన్ని టీ పెట్టే ఆయనకి అప్పజెప్పారు. అప్పట్నుంచి ఆఫీసులో టీ వేళకి వస్తోంది. తక్కిన జీవులకి తలా ఒక బడిపిల్లని కేటాయించారు. బాల సంరక్షక పథకం అని దానికి పేరు. బడి వదిలాక వచ్చి మేపాలి, కడగాలి, కబుర్లు చెప్పాలి. కబుర్ల సంగతి పథకంలో లేదు, పిల్లలు సొంతంగా కలుపుకున్నారు.

కోమలికి పదకొండేళ్లు, ఆరో తరగతి. జీవుల్ని పంచిన రోజు వాళ్లమ్మ జడలు వెయ్యడం ఆలస్యం చేసినందువల్ల వరసలో ఆఖరున నిలబడింది. ముందు నిలబడ్డవాళ్లు రెక్కల మేకనీ, రెండు తలల పిట్టనీ, పాట పాడే తాబేలునీ పట్టుకుపోయారు. కోమలి వంతు వచ్చేసరికి మిగిలింది ఒక వెదురుబుట్ట. అందులో పాత తువ్వాలు ఉంది.

"ఇందులో ఏమీ లేదండి," అంది కోమలి, తొంగి చూసి.

"చూడకు. చెయ్యి పెట్టు," అన్నాడు అటెండరు సూరిబాబు.

మొహం పక్కకి తిప్పుకుని చెయ్యి పెట్టింది. వెచ్చగా, గుండ్రంగా, మెత్తగా ఏదో తగిలింది. ఆ ఏదో ఆమె చిటికెన వేలు నాకింది. అమ్మమ్మ చేసే సున్నుండ అరచేతిలో ఎలా ఇముడుతుందో అలాగే ఇమిడింది. ఆ క్షణం నుంచి దాని పేరు సున్నుండ.

అది కనుమాయ జాతి జీవి. ఎవరైనా సరే తిన్నగా చూస్తే కనబడదు. కళ్లతోనైనా, కెమెరాతోనైనా, అద్దంలోనైనా అంతే. ఏడాది పాటు దాన్ని ఒళ్లో పెట్టుకుని కోమలి దాని రూపమంతా చేతులతో చదివేసింది. కుందేలు చెవులకంటే చిన్నవి రెండు చెవులు, ఒంటికంటే పొడుగు తోక, ఎడమ ముందుకాలికి ఒక వంకర వేలు. దాని తిండి ఒక్కటే, జున్ను. అదీ బెల్లం, మిరియాలు వేసి వండినది. వారం రోజులు వరసగా జున్ను పడకపోతే దాని మాయ వదిలిపోతుందనీ, మాయ వదిలాక ప్రాణం ఎంతోసేపు నిలవదనీ శాఖవారు అచ్చువేసిన కరపత్రంలోనే ఉంది. ఆ కరపత్రం చదివిన మనిషి జిల్లా మొత్తంలో కోమలి ఒక్కతే.

ఇప్పుడు ఉత్తర్వు సంగతి. శాఖవారు ఫోనులో పనిచేసే ఒక యాపు కనిపెట్టించి, దానికి జీవదర్శిని అని పేరు పెట్టారు. రోజూ పొద్దున్న తొమ్మిదింపావుకి ప్రతి జీవీ ఫోను ముందు నిలబడి మొహం చూపించాలి. మొహం పడితే హాజరు, హాజరు పడితే ఆహారం. మొదటిరోజు తొండ తుమ్మి ఫోను కరిగించింది. రెండు తలల పిట్టకి మొదటి తల హాజరై, రెండో తల నకిలీ అని తేలింది. రెక్కల మేక కెమెరా చూసి ఎగిరిపోయి సాయంత్రానికి ఆకలేసి దిగింది. ఇవన్నీ ఎలాగోలా సర్దుకున్నాయి. సున్నుండ మాత్రం సర్దుకోలేదు. దాని ఫొటోలో రోజూ ఒక తువ్వాలే పడుతోంది.

"నీ జీవి మూడు దినములుగా గైర్హాజరు," అన్నారు సహాయ సంరక్షణాధికారి వరాహమూర్తి గారు. ఆయన మామూలుగా ఇంట్లో ఎలా మాట్లాడతారో తెలీదు కానీ ఆఫీసులో మాత్రం ఫైలు మాట్లాడినట్టు మాట్లాడేవారు.

"ఇక్కడే ఉందండి. నా ఒళ్లోనే ఉంది."

"ఉండుట వేరు, హాజరగుట వేరు. ఈ తేడా గ్రహించకపోవుట వల్లనే ప్రజలు ఆఫీసుల చుట్టూ తిరుగుచున్నారు."

సూరిబాబు మంచివాడు, తనకి తోచిన సాయం చేశాడు. బియ్యప్పిండి తెచ్చి సున్నుండ మీద చల్లాడు, ఆకారమైనా ఫొటోలో పడుతుందని. సున్నుండ తుమ్మింది, పిండి కూడా మాయమైంది. మెడలో ఎర్ర రిబ్బను కడితే రిబ్బనూ పోయింది. ఫోనుని అటు తిప్పి, అందరూ ఇటు తిరిగి, వెనక్కి చెయ్యి చాచి ఫొటో తీశారు. అందులో సూరిబాబు మోచెయ్యి చక్కగా పడింది.

"ఏడు దినములు గైర్హాజరైనచో పేరు కొట్టివేయబడును. గడువు గనుక అంతవరకు జున్ను ఇవ్వబడును, అటుపై ఉండదు," అన్నారు వరాహమూర్తి గారు. "కావలెనంటే అర్జీ పెట్టుకొనుము."

కోమలి లెక్కల నోటుబుక్కులోంచి కాగితం చింపి అక్కడికక్కడే రాసింది. "అయ్యా, నా సున్నుండ చూస్తే కనపడదు. అది కనపడలేదంటే ఉన్నట్టే. దయచేసి జున్ను ఆపకండి." కింద పేరు, తరగతి, సెక్షను వేసింది. వరాహమూర్తి గారు దాని మీద తగు చర్య నిమిత్తం అని రాసి రాజధానికి పంపించారు.

చిత్రమేమిటంటే, రాజధానిలో ఆ కాగితాన్ని ఎవరో నిజంగా చదివారు. గైర్హాజరు అయిదోరోజున జవాబు వచ్చింది. వరాహమూర్తి గారు నిలబడి, అందరినీ నిలబెట్టి పైకి చదివారు.

"కనుమాయ జాతి జీవి చూచినచో కనబడని స్వభావము గలది గనుక, ఇట్టి జీవి కనబడకుండుటయే దాని హాజరునకు తిరుగులేని రుజువుగా పరిగణింపవలెను. కనబడినచో అది గైర్హాజరుగా భావింపబడి, సదరు జీవి కనుమాయ కాదని నిర్ధారణ చేసి, పేరు కొట్టివేయవలెను. ఈ ఉత్తర్వు రాష్ట్రమంతటా తక్షణమే అమలులోకి వచ్చును."

కోమలికి సంతోషంతో కళ్లనీళ్లు తిరిగాయి. తన మాటే ప్రభుత్వం వారి నోట వచ్చింది. ఆ సాయంత్రం సున్నుండ రెండు గిన్నెల జున్ను తిని ఆమె ఒళ్లో గురకపెట్టింది.

మర్నాడు పొద్దున్న సూరిబాబు ఒక బుట్టతో ఆఫీసుకి వచ్చాడు. బుట్టలో కొత్త తువ్వాలుంది.

"మా ఇంట్లో కూడా ఒకటి దొరికిందండి. మంచం కిందుంది," అన్నాడు వరాహమూర్తి గారితో.

వరాహమూర్తి గారు బుట్టలోకి చూశారు. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశారు. ఏమీ కనబడలేదు. ఉత్తర్వు ప్రకారం అంతకంటే రుజువు అక్కర్లేదు. రెండో కనుమాయగా నమోదు చేశారు. రోజుకి రెండు గిన్నెల జున్ను మంజూరైంది.

కోమలి ముచ్చటపడి బుట్టలో చెయ్యి పెట్టి తడిమింది. తువ్వాలు తప్ప ఏమీ తగల్లేదు.

"ఇందులో లేదు సూరిబాబుగారూ."

"నీకు కొత్త కదా అమ్మా, దానికి సిగ్గు," అన్నాడు సూరిబాబు. అని, ఆమె కళ్లలోకి చూడలేక టీ తేవడానికి వెళ్లిపోయాడు. జున్నంటే ప్రాణం పెట్టే తల్లి ఒకావిడ అతని ఇంట్లో ఉంది. గేదె లేదు. అది కోమలికి తర్వాత తెలిసింది.

సూరిబాబుతో ఆగి ఉంటే ఏ గొడవా లేకపోయేది. వారం తిరక్కుండా టీ ఆయన ఇంట ఒకటి, కోమలి బడి హెడ్మాస్టరు గారింట రెండు, రేషను డీలరు ఇంట పిల్లలతో సహా ఆరు బయటపడ్డాయి. వరాహమూర్తి గారు ముందు కొన్నాళ్లు ఎదుటివాళ్ల బుట్టల్లోకి చూసి నమోదు చేస్తూ కూర్చున్నారు. ఒకరోజు భోజనానికి ఇంటికెళ్లి సాయంత్రం తిరిగొచ్చి, తమ ఇంట్లోనూ నాలుగు ఉన్నట్టు అప్పుడే గమనించామనీ, ఇన్నాళ్లూ కనబడకపోవడం చేత గుర్తించలేకపోయామనీ చెప్పి, తమ సంతకంతో తామే నమోదు చేసుకున్నారు.

మూణ్ణెల్లకి జిల్లాలో కనుమాయల సంఖ్య ఎనిమిది వందలు దాటింది. అంతరించిపోతున్న జీవిని ఇంత తక్కువ కాలంలో ఇంతగా వృద్ధి చేసిన జిల్లా మరొకటి లేదని పైవాళ్లు మెచ్చుకుంటూ రాశారు. సాయంత్రాలు పెద్దమనుషులు ఖాళీ గొలుసులు పట్టుకుని కాలవగట్టు మీద షికార్లు కొట్టేవారు. ఎదురుపడ్డప్పుడు ఆగి, నేల కేసి చూసి, మీది బాగా ఒళ్లు చేసిందే అంటే, మీది మాత్రం తక్కువ తిందా అని పలకరించుకునేవారు. పశువైద్యశాల వారు టీకాల శిబిరం పెట్టారు. కాంపౌండరు పొద్దుట్నుంచి సాయంత్రం దాకా గాలికి సూదిమందు వేసి, చేతులు పీకుతున్నాయని రెండు రోజులు సెలవు పెట్టాడు.

ఉద్యోగులు కూడా జీవులే కదా అని సంఘం వారు ఒక ప్రశ్న లేవదీశారు. కనబడకపోవడం ఒకళ్లకి హాజరూ ఇంకొకళ్లకి గైర్హాజరూ అయితే సమానత్వం ఏమైనట్టు అని అడిగారు. దానికి జవాబు చెప్పేవారు ఎవరూ ఆఫీసులో కనబడలేదు. ఆ రోజు నుంచి ఆఫీసు కుర్చీలు ఖాళీగానూ, హాజరుపట్టీ నిండుగానూ ఉంటూ వచ్చాయి.

ఆ ఊపులోనే మార్కెట్ యార్డులో కనుమాయల అందాల పోటీ జరిగింది. రెండు వందల ముప్ఫై బుట్టలు వరసగా పెట్టారు. ముగ్గురు న్యాయనిర్ణేతలు ఒక్కో బుట్ట ముందు వంగి, తల పంకించి, కాగితం మీద ఏదో రాసుకుంటూ పోయారు. కోమలి కూడా సున్నుండకి ఒళ్లు దువ్వి పట్టుకెళ్లింది. నిజమైనది ఏదో అందరికీ తెలుస్తుందని ఆమె ఆశ. పెద్ద న్యాయనిర్ణేత బుట్ట మీద చెయ్యి ఆనించగానే సున్నుండ అలవాటు ప్రకారం వేలు నాకింది. ఆయన కెవ్వుమని చెయ్యి లాక్కున్నాడు.

"ఇదేమిటమ్మా, ఇది కదులుతోంది," అన్నాడు మండిపడి. "క్రమశిక్షణ నేర్పలేదా? మిగతావి చూడు, ఎంత బుద్ధిగా ఉన్నాయో."

మొదటి బహుమతి వరాహమూర్తి గారి భార్య తెచ్చిన బుట్టకి వచ్చింది. నడకలో హుందాతనం ఉందని ప్రశంసాపత్రంలో రాశారు.

ఇదంతా నవ్వుకోవడానికి బాగానే ఉంటుంది. కోమలికి మాత్రం నవ్వు రావడం మానేసింది. జున్నంటే కుళాయి తిప్పితే వచ్చేది కాదు. గేదె ఈనాక నాలుగైదు రోజులు వచ్చే పాలతోనే జున్ను. ఎనిమిది వందల కనుమాయలకి అది ఎక్కణ్ణుంచి వస్తుంది? అందుకని జున్ను సేకరణ ఉత్తర్వు ఒకటి వేశారు. జిల్లాలో ఏ గేదె ఈనినా తొలిపాలు బెల్లం, మిరియాలు వేసి వండి, సంరక్షణాలయం గుమ్మం దగ్గర అప్పజెప్పాలి. దూడ తాగగా మిగిలినదంతా శాఖవారిదే. ప్రతి గేదె పక్కనా ఒక పర్యవేక్షకుడు కూర్చునేవాడు. అతనికీ ఇంట్లో ఒకటో రెండో కనుమాయలుండేవి.

సున్నుండకి రెండు గిన్నెలు కాస్తా ఒకటయింది. తర్వాత అరగిన్నె, తర్వాత ఒక చెంచా. ఒక సోమవారం గిన్నె తుడిచినట్టు ఖాళీగా వచ్చింది. మంగళవారమూ అంతే.

కోమలి గేదెలున్న ఇళ్లన్నీ తిరిగింది. పాపం వాళ్లు లేదనలేక లేదన్నారు. ఉన్నదంతా రాసేసుకుపోయారమ్మా, మా పిల్లలకే వేలు నాకించలేదు అన్నారు. చివరికి వరాహమూర్తి గారి బల్ల ముందుకెళ్లి నిలబడింది. ఆ రోజు పై నుంచి ఫోను వస్తుందని తెలిసి ఆయన ఆఫీసులో కనబడ్డారు.

"మూడు రోజులైందండి తిని. చేత్తో పట్టుకుంటే దూదిలా తేలిపోతంది. మొదట మంజూరైంది దానికే కదండీ?"

"మొదటిది గనుకనే సమస్య," అన్నారాయన. "కొత్తవారికి ప్రోత్సాహక ప్రాధాన్యత. పెద్దల సిఫారసు గలవారికి ప్రత్యేక ప్రాధాన్యత. పాతవారు సర్దుకొనగలరని ప్రభుత్వ విశ్వాసం."

"మిగతావాటికి ఆకలెయ్యదు కదండీ. అవి లేవు కదా."

వరాహమూర్తి గారు తలుపు కేసి ఒకసారి చూసి, గొంతు తగ్గించి, మొదటిసారి ఫైలులా కాకుండా మనిషిలా మాట్లాడారు. "చూడు తల్లీ. అవి లేకపోయినా వాటి వెనకాల ఒక్కో పెద్దమనిషి ఉన్నాడు. నీది ఉంది, దాని వెనకాల నువ్వున్నావు. ఎవరికి ఆపితే నాకు ఇబ్బంది తక్కువో నువ్వే చెప్పు."

అంత నిజం ఆయన చెబుతారని కోమలి అనుకోలేదు. బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని సున్నుండని గౌను కుచ్చిళ్లలో దాచుకుని ఏడ్చింది. ఉత్తర్వులో ఉన్న మాట తను రాసిందే. జున్ను కోసం తను రాసిన మాటే దాని నోటి దగ్గర జున్ను లాగేసింది. ఆ సంగతి ఆమెని అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టింది.

ఎనిమిదోరోజున కమిషనర్ హైమవతీదేవి గారు రాజధాని నుంచి దిగారు. ఉత్తమ జిల్లా పురస్కారం ఇచ్చే ముందు తొమ్మిది వందల పన్నెండు కనుమాయల్నీ స్వయంగా తనిఖీ చెయ్యాలని ఆవిడ పట్టుదల. నిజాయితీపరురాలని పేరు. ఉత్తర్వులో ఉన్నదాన్ని అక్షరం తప్పకుండా పాటిస్తారు. సినిమా హాలు కిక్కిరిసిపోయింది. బాల్కనీలోంచి రెక్కల మేక కిందికి చూస్తోంది. జనం చేతులు మడిచి, మధ్యలో గాలిని జోకొడుతూ కూర్చున్నారు. తెర ముందు నల్లరాతి ఫలకం ఒకటి పూలదండతో సిద్ధంగా ఉంది. దాని మీద సంఖ్య అప్పటికే చెక్కించేశారు.

పెద్దల జీవుల్ని ముందు పిలిచారు. ఒక్కొక్కరూ వేదికెక్కి ఖాళీ చేతులు చాపడం, కమిషనర్ గారు కళ్లజోడు సరిచేసుకుని నిశితంగా చూడడం, "కనబడుట లేదు" అనడం, సూరిబాబు "హాజరు" అని కేకెయ్యడం. ఒకాయన చేతిలో కాస్త దుమ్ము కనబడితే ఆవిడ అనుమానించి రెండుసార్లు చూశారు. హెడ్మాస్టరు గారు తమ రెండో కనుమాయ ఇంట్లో మర్చిపోయి వచ్చానని వెనక్కి పరుగెత్తి, రొప్పుతూ తెచ్చారు. మధ్యాహ్నం మూడు దాటాక కోమలి పేరు పిలిచారు.

కోమలి తువ్వాల్లో చుట్టిన సున్నుండతో వేదికెక్కింది. పొద్దుట్నుంచీ అది వేలు నాకలేదు. ఊపిరి ఉందో లేదో తెలుసుకోవాలంటే చెవి ఆనించాల్సి వస్తోంది. ఎలాగో ఒకలాగ ఈ మేడంగారికి చెప్పుకుంటే ఒక్క గిన్నె ఇప్పిస్తారని ఆమె గంపెడాశ పెట్టుకుంది. తువ్వాలు విప్పింది.

కమిషనర్ గారు కళ్లజోడు తీసి, మళ్లీ పెట్టుకున్నారు.

"ఇదేమిటి?" అన్నారు.

కోమలి తల దించి చూసింది. సున్నుండ కనబడుతోంది.

ఏడాది పైగా రోజూ ఒళ్లో పడుకోబెట్టుకున్నది, ఒక్కసారైనా చూడాలని ఎన్నోసార్లు ముచ్చటపడ్డది, ఇప్పుడు తువ్వాలు మీద ఉన్నదున్నట్టు కనబడుతోంది. నిజంగానే సున్నుండ రంగు. వంకర వేలు, పొడుగు తోక అన్నీ చేతులు చెప్పినట్టే ఉన్నాయి. చెవుల చివర మాత్రం తెల్లగా ఉంది. ఆ తెలుపు సంగతి చేతులకి తెలియలేదు. అది అర కన్ను తెరిచి ఆమెని చూసింది. అంత అందమైనదాన్ని కోమలి పుట్టాక చూడలేదు. చూస్తూ ఉండగానే దాని మాయ వదిలిందని అర్థమైంది. కరపత్రం ఆమెకి కంఠస్థం.

"ఓహో, ఇలా ఉంటుందన్నమాట," అన్నారు వరాహమూర్తి గారు తన్మయులై. ఇంట్లో తమకి నాలుగున్నాయన్న సంగతి గుర్తొచ్చి, దగ్గి, కండువా సర్దుకున్నారు.

"మేడంగారూ, ఇది ఆకలికి కనపడతందండి," అంది కోమలి. "ఎనిమిది రోజులైంది తిని. ఒక్క గిన్నె జున్ను ఇప్పించండి, మళ్లీ మాయమైపోద్ది. మీ కరపత్రంలోనే ఉందండి, మూడో పేజీలో."

కమిషనర్ గారు ఉత్తర్వు తెప్పించుకుని ఆసాంతం చదివారు. ఆవిడ మొహంలో జాలి కనిపించింది. ఆ జాలి ఉత్తర్వు ఆఖరి వాక్యం దాకా నిలబడలేదు.

"కరపత్రం శాఖవారిది, ఉత్తర్వు ప్రభుత్వంవారిది," అన్నారు. "కనబడినచో కనుమాయ కాదని స్పష్టముగా ఉన్నది. ఈ ప్రాణి నాకు కనబడుచున్నది. మీకు?"

కనబడుతోందని హాలంతా ఒప్పుకుంది.

"తొమ్మిది వందల పదకొండు నిజమైన జీవుల నడుమ ఒక నకిలీని ప్రవేశపెట్టుట విచారకరము. చిన్నపిల్లవు గనుక చర్య తీసుకొనుట లేదు. పేరు కొట్టివేయుడు. ప్రాణిని ప్రాంగణము వెలుపలికి పంపుడు."

సూరిబాబు కలం పట్టుకుని కొట్టెయ్యలేక నిలబడిపోయాడు. వరాహమూర్తి గారు ఆ కలం లాక్కుని తామే కొట్టేశారు. కోమలి తువ్వాలు మళ్లీ చుట్టుకుని మెట్లు దిగింది. వెనక నుంచి ఎవరో, ఈ కాలం పిల్లలు ఎంతకి తెగించారో చూడండి అన్నారు.

బయట గుమ్మం పక్క నూకరత్నం అనే ఆవిడ కూర్చుని ఉంది. ఆవిడ గేదె మొన్ననే ఈనింది. ఉత్తర్వు ప్రకారం జున్ను వండి సత్తు గిన్నెలో మూతపెట్టి తెచ్చింది. అప్పజెప్పుకునేవాళ్లందరూ లోపల చప్పట్లు కొడుతుంటే, ఎండలో చీరకొంగు నెత్తిన వేసుకుని కాచుకుంది.

"ఏటమ్మా ఏడస్తన్నావు? ఆ తువ్వాల్లో ఏటది?"

"సున్నుండండి. కనుమాయ. ఆకలికి చచ్చిపోతంది."

నూకరత్నం తువ్వాలు తొలగించి చూసింది. చాలాసేపు చూసింది.

"నిన్నా తెచ్చి పోశాను. అంతకుముందు మా అక్క గేదెదీ తెచ్చి పోశాను. కనుమాయలకి, కనుమాయలకి అంటారే తప్ప, తినే నోరు ఇయ్యాలే చూశానమ్మా," అంది. గిన్నె మూత తీసింది. "పెట్టు. ఎవడొచ్చి అడుగుతాడో అడగనీ."

కోమలి వేలికి ఇంత జున్ను రాసి సున్నుండ మూతి దగ్గర పెట్టింది. అది కదల్లేదు. నూకరత్నం కొంచెం జున్ను చిదిమి, పళ్ల సందున రుద్దింది, దూడలకి చేసినట్టే. ఒక నిమిషం గడిచింది. చిన్న నాలుక బయటికొచ్చి మూతి తుడుచుకుంది. తర్వాత వేలు నాకింది. తర్వాత గిన్నెలోకే తల దూర్చింది.

సగం గిన్నె అయ్యేసరికి తోక కనబడ్డం మానేసింది. తర్వాత కాళ్లు, పొట్ట. చివరికి గిన్నె మీద రెండు తెల్లటి చెవి కొసలు మాత్రం ఊగుతూ మిగిలి, అవీ పోయాయి. గిన్నెలో జున్ను తనంతట తానే తరిగిపోతోంది. కోమలి ఏడుస్తూనే నవ్వింది. నూకరత్నం బుగ్గన వేలేసుకుంది.

అప్పుడు లోపల్నుంచి వరాహమూర్తి గారు పరుగెత్తుకొచ్చారు. కండువా ఒక పక్కకి వేలాడుతోంది.

"అమ్మాయీ, ఆగుము. ఫలకం మీద తొమ్మిది వందల పన్నెండు అని చెక్కించి ఉన్నది. నీది కొట్టివేయగా ఒకటి తగ్గినది. రాతిని దిద్దుట సాధ్యము కాదు, ఆవిడ మరల లెక్కించమనుచున్నారు." ఆయన తువ్వాలు చూశారు. గిన్నె చూశారు. మొహం వెలిగిపోయింది. "ఏదీ, ఆ ప్రాణి కనబడుట లేదే?"

"జున్ను తిందండి."

"అయినచో అర్హత ఏర్పడినది. ఇటిమ్ము. తక్షణమే మరల హాజరు వేయించెదను. ఇకపై సంరక్షణ నేను చూచుకొందును, నీకు శ్రమ ఉండదు."

ఆయన చూసుకునే సంరక్షణ ఏమిటో కోమలికి ఎనిమిది రోజులుగా తెలుసు. సున్నుండ అప్పటికే ఆమె చెయ్యి పట్టుకుని పాకి భుజం ఎక్కింది. మెడ చుట్టూ తోక వేసుకుని చెవి దగ్గర మిరియాల వాసనతో ఊపిరి వదులుతోంది. కోమలి ఒక్క క్షణం ఆలోచించింది. రెండు చేతులూ దోసిలి పట్టి జాగ్రత్తగా ముందుకి చాచింది.

"తీసుకోండి సార్. మెల్లగా. మెడ కింద చెయ్యి పెట్టండి, లేకపోతే గోళ్లతో రక్కుద్ది."

వరాహమూర్తి గారు తన రెండు చేతులూ ఆ దోసిలి కింద పెట్టి అందుకున్నారు. గుండెకి హత్తుకుని ఒకసారి ఎత్తి చూసుకున్నారు.

"బరువు పెరిగినది," అన్నారు మెచ్చుకోలుగా.

"ఇప్పుడే తింది కదండీ."

నూకరత్నం కొంగు నోట్లో కుక్కుకుని అటు తిరిగింది. ఆయన పసిబిడ్డని ఎత్తుకున్నట్టు ఒక్కో అడుగే వేసుకుంటూ, దారిలో ఉన్నవాళ్లని తప్పుకోండి తప్పుకోండి అంటూ లోపలికి వెళ్లిపోయారు.

"రేపూ రా అమ్మా, మా గేదె ఇంకో రెండు రోజులు జున్నుపాలే ఇస్తది," అంది నూకరత్నం, గిన్నె ఎత్తి చంకన పెట్టుకుంటూ. "తర్వాత మా ఆడబిడ్డది చూడితో ఉంది. దొడ్డిగుమ్మంలోంచి రా, ఎదరగుమ్మంలో ఆ పర్యవేక్షకుడు కూర్చుంటాడు."

కోమలి సరేనని తలూపి వీధిలోకి నడిచింది. హాల్లోంచి కమిషనర్ గారి గొంతు మైకులో వినబడింది. కనబడుట లేదు అన్నారావిడ. సూరిబాబు హాజరని కేకేశాడు. ఫలకానికి ముసుగు తీసినట్టున్నారు, చప్పట్లు ఒక్కసారిగా మార్మోగాయి. ఆ మోతకి బెదిరి కోమలి మెడ చుట్టూ ఉన్న తోక ఇంకాస్త బిగిసింది. ఏం లేదు, ఏం లేదు అని దాని వీపు నిమురుతూ, ఆమె నడక జోరు చేసింది.